కారు ఎత్తు తగ్గించే ముందు మన వీధులు కొలవండి

సంపాదకులకు నమస్కారం.

రోజూ ఆఫీసుకూ, పిల్లల బడికీ, ఆదివారం భీమిలి వైపుకూ తిప్పుకునే చిన్న కారుకు లోయరింగ్ కిట్ (కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు, షాకుల సామాను) వేయించుకోవాలనే ఉత్సాహం విశాఖ కుర్రకారులో బాగా పెరిగింది. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసిన వాణ్ణి కావడంతో, ఏ కిట్ కొనమంటారు మాస్టారూ అని మా అపార్టుమెంటు పిల్లలే కాక వాళ్ల స్నేహితులు కూడా అడుగుతుంటారు. వాళ్ల చేతిలో ఉన్న ఫొటోలన్నీ టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు ఎంత తగ్గిందో చూపించేవే. నేను తిరిగి అడిగేది మాత్రం వేరు. గుంతలో పడినప్పుడు మీ కారు చక్రం పైకి లేవడానికి ఇప్పుడు ఎంత చోటుంది, కిట్ వేశాక అందులో ఎంత మిగులుతుంది? ఈ లెక్క చూసుకోకుండా బ్రాండు పేరును బట్టి, ఫొటోను బట్టి కిట్లు కొంటున్నారు కనుక, నాకు తెలిసిన నాలుగు విషయాలు మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు పెట్టాలనుకుంటున్నాను.

కారు ఎత్తు తగ్గించడమే తప్పని నేను అనను. గురుత్వ కేంద్రం కిందికి దిగితే మలుపులో బరువు ఒక పక్క చక్రాల మీదికి ఒరగడం తగ్గుతుంది. సింహాచలం ఘాట్ రోడ్డు మలుపుల్లోనూ, రుషికొండ దాటాక భీమిలి రోడ్డు వంపుల్లోనూ, కొంచెం దించి, స్ప్రింగు ఊగును అదుపు చేసే సరైన షాక్ అబ్జార్బర్లు వేసిన కారు స్టీరింగుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో నడిపినవారికి తెలుస్తుంది. అయితే అదే కారు మరునాడు ఉదయం గాజువాక వైపు లారీల బరువుకు కుంగిన రోడ్డు మీదా, కాలనీ వీధుల స్పీడ్ బ్రేకర్ల మీదా, అపార్టుమెంటు సెల్లారు ర్యాంపు మీదా నడవాలి. పందెపు కారుకు ఈ బాధలు లేవు. రోజువారీ కారుకు ఉన్నవే ఇవి.

ముందుగా ప్రయాణం సంగతి చెబుతాను. సస్పెన్షన్‌లో ప్రయాణం అంటే, కారు నిశ్చలంగా నిలబడిన స్థితి నుంచి చక్రం ఎంత పైకి లేస్తే బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క పూర్తిగా నలిగి ఆగిపోతుందో ఆ దూరం. ఉదాహరణకు ఒక కారులో అది 80 మిల్లీమీటర్లు అనుకుందాం. షాక్ అబ్జార్బరు మార్చకుండా స్ప్రింగులు మాత్రం మార్చి కారును 40 మిల్లీమీటర్లు దించితే మిగిలేది సగమే. స్ప్రింగు మింగే శక్తి అది నలిగిన దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వెనకటంత దెబ్బను సగం దూరంలో ఆపాలంటే స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిగా ఉండాలి. 25 మిల్లీమీటర్లు మాత్రమే దించినా రెట్టింపుకు పైగా గట్టిదనం కావాలి. బజారులో దొరికే లోయరింగ్ స్ప్రింగులు ఎక్కువగా కారుతో వచ్చిన కంపెనీ స్ప్రింగు కన్నా పాతిక, ముప్ఫై శాతం మాత్రమే గట్టిగా ఉంటాయి. అంతకన్నా గట్టిగా చేస్తే కారులో కూర్చోలేము. ఆ మిగతా తేడాను భరించవలసింది షాక్ అబ్జార్బరూ, బంప్ స్టాపూ. కిట్ నాణ్యత అంతా నిజానికి ఇక్కడే తేలుతుంది కానీ, కొనేవారు చూసేది స్ప్రింగు రంగు.

మీ కారులో ఎంత ప్రయాణం వాడకంలో ఉందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. షాక్ అబ్జార్బరు మీది దుమ్ము తొడుగును పైకి జరిపి, మెరిసే రాడ్డు చుట్టూ వైర్లు కట్టడానికి వాడే ప్లాస్టిక్ ట్యాగును బిగించి, దాన్ని కిందికి తోసి షాక్ బాడీకి ఆనించి వదలాలి. తర్వాత కొన్నాళ్లు మీరు రోజూ వెళ్లే దారిలోనే, మామూలుగా ఎక్కే మనుషులతోనే కారు నడపాలి. ఎంత పెద్ద గుంతలో పడితే ట్యాగు అంత పైకి జరిగి అక్కడే నిలిచిపోతుంది. ఆ తర్వాత చదునైన చోట కారు నిలిపి, ట్యాగుకూ షాక్ బాడీకీ మధ్య దూరం కొలిస్తే మన వీధులు మీ కారు నుంచి ఎంత వసూలు చేస్తున్నాయో మిల్లీమీటర్లలో తెలుస్తుంది. ఆ ట్యాగు ఇప్పటికే బంప్ స్టాప్ దాకా వెళ్లి ఉంటే, దించడానికి మీ దగ్గర చోటు లేదన్నమాటే.

ఇక నేలకూ కారు అడుగుకూ మధ్య దూరం. మన రోడ్ల మీద విరివిగా కనిపించే మారుతి స్విఫ్ట్‌నే తీసుకుంటే, దాని గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. నలుగురు ఎక్కితే దాదాపు మూడు సెంటీమీటర్లు కుంగుతుందని లెక్క వేస్తే 133 మిగులుతుంది. 40 మిల్లీమీటర్లు దించిన కారు, స్ప్రింగు గట్టిది కనుక బరువుకు కొంచెం తక్కువ కుంగినా, నలుగురితో 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా నిలుస్తుంది. 25 మాత్రమే దించినది 114 దగ్గర ఉంటుంది. ఇవి నిలబడి ఉన్న కారు లెక్కలు. బ్రేకు నొక్కి స్పీడ్ బ్రేకరు ఎక్కేటప్పుడు ముందు భాగం ఇంకా దిగుతుంది.

స్పీడ్ బ్రేకర్ల విషయంలో ఒక సంగతి చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఐఆర్‌సీ 99 పేరుతో ఇచ్చిన ప్రమాణం ప్రకారం, సాధారణ వాహనాలు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేందుకు కట్టే గుండ్రటి హంపు 17 మీటర్ల వ్యాసార్ధంతో, 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో ఉండాలి. పది సెంటీమీటర్లంటే దించిన కారు అడుగు తగలక తప్పదనిపిస్తుంది. అలా జరగదు. హంపు వెడల్పు కారు చక్రాల మధ్య దూరం కన్నా ఎక్కువ కావడంతో, శిఖరం కారు మధ్యకు వచ్చేసరికి ముందు చక్రాలూ వెనక చక్రాలూ కూడా హంపు మీదే ఉంటాయి. అప్పుడు శిఖరం చక్రాల కన్నా ఎత్తుగా ఉండేది నాలుగున్నర సెంటీమీటర్లకు లోపే. ప్రమాణం ప్రకారం కట్టిన హంపును 40 మిల్లీమీటర్లు దించిన స్విఫ్ట్ నలుగురితో కూడా నెమ్మదిగా దాటిపోతుంది. మన కాలనీల్లో ఇళ్ల ముందు మిగిలిపోయిన కాంక్రీటుతో, తారుతో రాత్రికి రాత్రి పోసే మూరెడు వెడల్పు గట్టు మాత్రం అలా కాదు. అది రెండు జతల చక్రాల మధ్య ఇమిడిపోతుంది కనుక దాని ఎత్తంతా కారు అడుగు నుంచే తగ్గించుకోవాలి. పది సెంటీమీటర్ల గట్టు దగ్గర 25 మిల్లీమీటర్లు దించిన కారుకు ఒకటిన్నర సెంటీమీటరు కూడా మిగలదు, 40 దించినది ఆయిల్ చాంబరును గీసుకుంటుంది. అంటే మన ఊళ్లో లోయరింగ్ కిట్ ఎంపికను నిర్ణయిస్తున్నది రోడ్డు ప్రమాణం కాదు, ఆ ప్రమాణాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం.

సెల్లారు ర్యాంపులది మరో లెక్క. స్థలం తక్కువై బిల్డర్లు నాలుగడుగులకు ఒక అడుగు చొప్పున దిగే ర్యాంపు పోస్తే దాని వాలు 14 డిగ్రీలు. ర్యాంపు మొదలయ్యే అంచును కారు మధ్య భాగం తగలకుండా దాటాలి. పై కొలతలతో, ఎవరూ ఎక్కని స్విఫ్ట్ అలా దాటగలిగే వాలు 15 డిగ్రీల చిల్లర, 25 మిల్లీమీటర్లు దించితే 13 కన్నా తక్కువ, 40 దించితే పదకొండున్నర. కంపెనీ ఎత్తులో సునాయాసంగా దిగే ర్యాంపు మీద, కొద్దిగా దించిన కారు కూడా పొట్ట ఆనించుకుంటుందన్న మాట. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ వంటి చోట్ల పాత అపార్టుమెంట్లలో ఉండేవారు కిట్ కొనడానికి ముందు టేపు పట్టుకుని సెల్లారులోకి దిగి కొలుచుకోవడం మంచిది. అద్దె ఇంట్లో ఉన్నవారు మరీను.

ఇప్పుడు కిట్ల సంగతి. అన్నిటికన్నా చౌకగా షెడ్డులో చేసేది ఉన్న స్ప్రింగులనే ఒక చుట్టు కోసేయడం, లేదా గ్యాస్ మంటతో కాల్చి కుంగదీయడం. రెండోదాని గురించి వాదన కూడా అనవసరం. స్ప్రింగు ఉక్కుకు ఆ గుణం వచ్చిందే వేడి చేసి చల్లార్చే పద్ధతి వల్ల, మంట తగిలిన చోట ఆ గుణం పోతుంది. కోసిన స్ప్రింగు గట్టిపడుతుందని సమర్థించేవారు ఉన్నారు. ఆ మాట నిజమే, అయిదు చుట్లలో ఒకటి పోతే గట్టిదనం పాతిక శాతం పెరుగుతుంది. కానీ స్ప్రింగు కొన కప్పులో కూర్చోవడానికి కంపెనీ చదును చేసి ఇచ్చిన రూపం కోతలో పోతుంది. చక్రం గుంతలోకి వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై పక్కకు జరిగి, మళ్లీ బరువు పడేటప్పుడు తన చోట్లో కూర్చోకపోవచ్చు. జాతీయ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది జరిగితే ఏమవుతుందో నేను వివరించనక్కర్లేదు. ఈ పనిని సస్పెన్షన్ కిట్ అని పిలవడమే నాకు ఇష్టం ఉండదు.

తర్వాతది కొత్త స్ప్రింగులు మాత్రం కొని పాత షాకుల మీదే వేయడం. ముప్ఫై శాతం గట్టి స్ప్రింగును అదుపు చేయడానికి కంపెనీ షాక్ అబ్జార్బరు శక్తి చాలదు. పైగా తక్కువ ఎత్తులో పనిచేయడానికి దాన్ని తయారు చేయలేదు. అరవై, డెబ్భై వేల కిలోమీటర్లు తిరిగిన కారైతే ఆ షాకులు అప్పటికే సగం ప్రాణంతో ఉంటాయి. మధ్యలో ఒక మాట. కారు మలుపుల్లో ఊగుతోందని కిట్ అడగడానికి వచ్చేవారిలో చాలామందికి నిజంగా కావలసినది కొత్త షాకులు, కొత్త బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు), మంచి టైర్లు. అవి మార్చాక దించాలన్న కోరిక కొందరికి దానంతటదే పోయింది.

స్ప్రింగులూ, వాటికి తగిన పొట్టి షాకులూ కలిపి ఒకే కంపెనీ జత చేసి ఇచ్చేది మూడో రకం. రోజువారీ కారుకు నేను సమ్మతించేది దీన్నే. జర్మనీకి చెందిన బిల్‌స్టైన్ కంపెనీ, ఐబాక్ అనే మరో కంపెనీ ప్రో-కిట్ స్ప్రింగులకు తన బీ8 పొట్టి షాకులను జోడించి బీ12 పేరుతో ఇచ్చేది ఇలాంటిదే. బిల్‌స్టైన్ బీ6 షాకులు దించని కారు అసలు ఎత్తు కోసం ఉద్దేశించినవి, ఈ తేడా తెలియక ఒకదానికి బదులు ఇంకొకటి తెప్పించుకునేవారున్నారు. జర్మన్ స్ప్రింగులతో టీయూవీ (అక్కడి సాంకేతిక తనిఖీ సంస్థ) పరీక్ష పత్రం కూడా వస్తుంది, అందులో ముందు ఇరుసు మీద ఎంత బరువు, వెనక ఇరుసు మీద ఎంత బరువు వరకు ఆ స్ప్రింగు పనికొస్తుందో ఉంటుంది. ఆ అంకెలను మీ కారు బరువుతో పోల్చి చూడండి. ఎందుకంటే పేరు ఒకటే అయినా యూరప్‌లో అమ్మిన కారూ, మన దేశంలో అమ్మిన కారూ ఒకే ఎత్తులో, ఒకే ఇంజిన్‌తో ఉండవు. 2022లో మన దగ్గర తయారీ ఆగిపోయిన ఫోక్స్‌వాగన్ పోలోను మన రోడ్ల కోసం యూరప్ పోలో కన్నా ఎత్తు పెంచి అమ్మారు. పెట్టె మీద 30 మిల్లీమీటర్లని ఉంటే అది యూరప్ కారు ఎత్తు నుంచి వేసిన లెక్క, మన కారు మీద అంతకన్నా ఎక్కువ దిగుతుంది.

నాలుగోవి కాయిలోవర్లు. మరలున్న షాకు బాడీ మీద స్ప్రింగు కూర్చునే పళ్లెం తిప్పి ఎత్తు మార్చుకునే సౌకర్యం చూసి అందరూ వీటినే కోరతారు. స్ప్రింగు పళ్లెం దింపి ఎత్తు తగ్గించే రకంలో, ఎంత దింపితే ప్రయాణం అంత పోతుంది. షాకు అడుగు భాగాన్నే మరలమీద పొట్టి చేసే రకంలో ప్రయాణం మిగులుతుంది, ధర పెరుగుతుంది. సముద్రపు ఒడ్డున ఉన్న మన ఊరికి ఇందులో ఇంకో చిక్కుంది. ఉప్పు గాలికి ఆ మరలు తుప్పుపట్టి, రెండు వానాకాలాలు గడిచేసరికి పళ్లెం కదలనని మొరాయిస్తుంది, ఎత్తు మార్చుకోవడానికి డబ్బు పెట్టిన సౌకర్యం అక్కడితో సరి. కేడబ్ల్యూ వంటి కంపెనీలు బాడీని స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తున్నది ఇందుకే. స్ప్రింగుల విషయంలోనూ రాయి తగిలి పెయింటు పెచ్చులూడిన చోట తుప్పు మొదలై, అక్కడే విరిగే ప్రమాదం ఉంటుంది కనుక బీచ్ రోడ్డు వైపు ఇళ్లున్నవారు సర్వీసింగులో ఆ భాగాన్ని మంచినీళ్లతో కడిగించి చూపించుకోవాలి.

ఎక్కువ దిగితే ఎక్కువ పట్టు వస్తుందన్న నమ్మకం గురించి కూడా చెప్పాలి. మన హ్యాచ్‌బ్యాక్‌లలో ముందు వైపు దాదాపు అన్నిటికీ మాక్‌ఫర్సన్ స్ట్రట్ (షాకూ స్ప్రింగూ ఒకే నిలువు భాగంగా ఉండే అమరిక) ఉంటుంది. అందులో కారు మలుపులో ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. అది, చక్రాన్ని కింది వైపు కారు చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్ అనే కడ్డీ వాలును బట్టి ఉంటుంది. కారును దించేకొద్దీ లోయర్ ఆర్మ్ బయటి కొన పైకి లేచి, రోల్ సెంటర్ గురుత్వ కేంద్రం కన్నా వేగంగా కిందికి జారిపోతుంది. రెండిటి మధ్య దూరం పెరగడంతో కారును ఒరగదోసే బలం తగ్గడానికి బదులు పెరుగుతుంది. గట్టి స్ప్రింగు దాన్ని కప్పిపుచ్చుతుంది, అంతే. ముందు నుంచి చూసినప్పుడు లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి లేచి కనిపిస్తే, ఆ కారును అవసరానికి మించి దించారని చెప్పవచ్చు.

బిగించే పద్ధతిలోనూ షెడ్డుకూ షెడ్డుకూ తేడా ఉంటుంది. లోయర్ ఆర్మ్, వెనక ఇరుసు రబ్బరు బుష్‌ల బోల్టులను కారు లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగిస్తే, కారు కిందికి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లకు కొంచెం సర్దుకుంటాయి కనుక చక్రాల అలైన్‌మెంటు మొదట ఒకసారి, సర్దుకున్నాక మరోసారి చేయించాలి. చాలా కార్లలో టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండటం) మాత్రమే సరిచేయగలరు, క్యాంబరు (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు ఒరిగి ఉండటం) మారితే దానికి వేరే బోల్టు అవసరం. హెడ్‌లైట్ల కోణాన్ని కూడా సరిచూసుకోవాలి. బ్రేకు వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ రాకముందటి కొన్ని కార్లలో వెనక ఇరుసుకు కలిపిన బ్రేకు వాల్వు, కారు కుంగితే సామాను ఎక్కిందనుకుని వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. అలాంటి కారును వెనక దించి ఆ వాల్వును సరిచేయకపోతే తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే పట్టేస్తాయి.

చట్టం విషయం దాచకూడదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటుంది. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను గట్టిగానే సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పు చేస్తే ప్రమాదం జరిగాక క్లెయిము దగ్గర ఇబ్బంది పడవలసి వస్తుంది. కనుక రవాణా శాఖ అధికారులనూ, బీమా కంపెనీనీ రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే చేతిలోంచి డబ్బు తీయాలి. ఎంత దించితే ఉల్లంఘన అవుతుందో సామాన్యుడికి అర్థమయ్యేలా ఒక ప్రకటన ఇవ్వవలసిందిగా రవాణా శాఖను ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

నన్ను అడిగితే, ఇవన్నీ చూసుకున్నాక కూడా దించాలనుకునేవారికి 20 నుంచి 25 మిల్లీమీటర్లు, అది కూడా స్ప్రింగులూ షాకులూ జతగా వచ్చే కిట్ అయితేనే, చక్రం సైజు పెంచకుండా చేయించుకోమంటాను. అమ్మానాన్నలను ఎక్కించుకుని, డిక్కీ నిండా సామానుతో అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లి రావలసిన కుటుంబపు ఏకైక కారైతే అసలు ముట్టుకోవద్దంటాను. వానాకాలంలో జ్ఞానాపురం వంటి పల్లపు చోట్ల నీళ్లు నిలిచినప్పుడు ఇంజిన్‌కు గాలి పీల్చే గొట్టం కూడా కారుతోపాటు అంతే కిందికి దిగి ఉంటుందన్నది ఎవరూ గుర్తు పెట్టుకోరు.

నగరపాలక సంస్థ వారికి ఒక మనవి. వార్డుల్లో ఎవరికి వారు పోసుకున్న గట్లను తొలగించి, అవసరమైన చోట ఐఆర్‌సీ కొలతలతో హంపులు కట్టి, వాటికి తెల్ల చారలూ, ముందస్తు సూచిక బోర్డులూ పెట్టించండి. ఇది దించిన కార్ల వారి సౌకర్యం కోసం అడుగుతున్నది కాదు. వెన్నునొప్పితో ఆటోలో వెళ్లే పెద్దవాళ్లకూ, రాత్రిపూట గట్టు కనబడక పడిపోయే ద్విచక్ర వాహనదారులకూ, అంబులెన్సులో ఉన్న రోగికీ ఆ గట్లు చేస్తున్న హాని ఇంకా ఎక్కువ.

కిట్లు బిగించే షెడ్ల యజమానులను కూడా ఒకటి అడగాలి. బిల్లు మీద స్ప్రింగు, షాకుల పార్టు నంబర్లూ, బిగించక ముందూ తర్వాతా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా కొలిచిన ఎత్తులూ, అలైన్‌మెంటు కాగితమూ జతచేసి ఇవ్వండి. ఏడాది తర్వాత ఒక వైపు స్ప్రింగు కుంగిందో లేదో తేల్చడానికి ఆ అంకెలు కావాలి. తీసిన పాత స్ప్రింగులను పాత ఇనుముకు వేయకుండా యజమానికే అప్పగించండి, కారు అమ్మే రోజున కంపెనీ ఎత్తుకు తెచ్చి ఇవ్వడానికి అవి అవసరమవుతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం